తిరుగలీ రోకలీ: అమీర్‌పేటలో ఒక క్యామ్ చరిత్ర

‘జావా’ అన్న రెండక్షరాలు అమీర్‌పేట గోడల మీద ఎన్ని వేలసార్లు కనిపించి ఉంటాయో లెక్కపెట్టినవారు లేరు. మైత్రీవనం నుంచి సత్యం థియేటర్ దాకా ఒకప్పుడు ఏ గోడ చూసినా, ఏ విద్యుత్ స్తంభం చూసినా ఆ మాటే. 1990ల చివర జిల్లాల నుంచి సంచులు తగిలించుకుని ఇక్కడ బస్సు దిగిన పిల్లలకు జావా అంటే కంప్యూటరు భాష. అంతకు ఇరవయ్యేళ్ళ ముందు ఇదే రోడ్డు మీద తిరిగినవారికి జావా అంటే మైసూరులో తయారైన మోటారు సైకిలు. చెకోస్లొవాకియాలో యానెచెక్ అనే పెద్దమనిషి 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ నుంచి మోటారు సైకిలు తయారుచేసే హక్కులు కొని, తన పేరు మొదటి భాగానికి ఆ కంపెనీ పేరు మొదటి భాగం చేర్చి ‘జావా’ అన్నాడు. మా పండిత శిక్షణలో ఇటువంటి సమాసాన్ని ఏ కోవలో వేయాలో ఎవరూ చెప్పలేదు.

అమీర్‌పేట చరిత్ర రాసేవారందరూ మొదటి జావాతోనే మొదలుపెట్టి దానితోనే ముగిస్తారు. పైగా అమీరుల జాగీరు కనుక అమీర్‌పేట అన్న ఒక్క వాక్యం, ఆ తరువాత కోచింగు సెంటర్లు, ఆ తరువాత అమెరికా. ఆ మధ్య కాలమంతా ఖాళీగా ఉన్నట్టు. ఆ ఖాళీలో ఇనుము ఉందని, నూనె మరకలు ఉన్నాయని, లేత్ యంత్రాల రొద ఉందని చెప్పడమే ఈ టపా ఉద్దేశం. దానికి నేను పట్టుకున్న తీగ కొంచెం విచిత్రమైనది. మోటారు సైకిలు ఇంజనులో ‘క్యామ్’ అనే చిన్న భాగాన్ని ఇంటి దగ్గర మార్చుకోవడం. తెలుగు పండితుడికి ఇనుప సామాను గొడవెందుకని నవ్వే మిత్రులు కొంచెం ఓపిక పట్టాలి.

మొదట ఊరి పేర్లు. అమీర్‌పేటకు ఆనుకుని ఉన్న సనత్‌నగర్ పేరు వినగానే నాకు సనక సనందన సనత్కుమారులు గుర్తుకు రావడం సహజం. కాని ఆ సనత్ వేరు. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన ‘సన్అత్’ అంటే పరిశ్రమ, చేతిపని, కళ. నిజాం కాలంలో కార్ఖానాలకని కేటాయించిన చోటుకు పెట్టిన పేరు అది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ ఇక్కడిదే. అల్లాఉద్దీన్ అన్న పేరులోంచి ‘ఆల్విన్’ పుట్టింది. బస్సుల బాడీలు, రిఫ్రిజిరేటర్లు, ఇనుప బీరువాలు, ఆ తరువాత చేతి గడియారాలు. తెలుగువారి పెళ్ళిళ్ళలో ఆల్విన్ గడియారం కట్నంలో భాగమైన రోజులు మనలో చాలామందికి గుర్తే. మరికొంత దూరంలో బాలానగర్. అక్కడ 1968లో ఏర్పడిన కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ. సికింద్రాబాదు వైపు 1943 నాటి ప్రాగా టూల్స్. వీటన్నిటిలో పనిచేసే ఫిట్టర్లూ టర్నర్లూ ఎక్కడెక్కడ కాపురాలుండేవారు? ఎర్రగడ్డ, బోరబండ, అమీర్‌పేట, పంజగుట్ట వెనక సందుల్లో. ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు మైక్రోమీటరు పట్టుకున్న చెయ్యి సాయంత్రం ఇంటి వసారాలో పొరుగువాడి మోపెడ్‌ను విప్పకుండా ఉంటుందా? హైదరాబాదులో మెకానిక్ షెడ్డు అనే వ్యవస్థకు ఒక మూలం ఈ సాయంత్రాల్లో ఉందని నా అభిప్రాయం. రాణిగంజ్‌లో విడిభాగాల దుకాణాలు, ఎర్రగడ్డలో ఆదివారం అంగడి దానికి పోషకాలు.

ఆల్విన్ వారు 1970, 80 దశకాల్లో ఒక స్కూటరు కూడా అమ్మారు. పేరు ‘పుష్పక్’. లక్నోలోని స్కూటర్స్ ఇండియా నుంచి వచ్చే ఇంజనుతో నడిచే లాంబ్రెట్టా వంశపు బండి. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుండేది పుష్పక విమానం కనుక, భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ ఒక గ్యాస్ బండా ఎక్కే మన స్కూటరుకు ఆ పేరు పెట్టినవాడెవరో గాని రసికుడే. అయితే ఈ పుష్పక్‌కు క్యామ్ లేదు. జావాకు లేదు, దాని తరువాతి పేరైన యెజ్దీకి లేదు, రాజ్‌దూత్‌కు లేదు, 1985 నుంచి 1996 దాకా కుర్రకారు ప్రాణాలు తోడేసిన యమహా ఆరెక్స్ 100కూ లేదు. ఇవన్నీ రెండు అడుగుల ఇంజన్లు, అంటే టూ స్ట్రోక్. వాటిలో పైకీ కిందికీ కదిలే పిస్టనే స్వయంగా గోడలోని రంధ్రాలను మూస్తూ తెరుస్తూ ఉంటుంది. వేరే ద్వారపాలకుడు అక్కర్లేదు. ఆరెక్స్ కుర్రవాళ్ళు బండి వేగం పెంచాలంటే ఆ రంధ్రాల అంచులను ఆకురాయితో రాసేవారు, సైలెన్సరు మార్చేవారు. ‘ఆరెక్స్‌కు రేసింగ్ క్యామ్ వేయించాను’ అని పంజగుట్ట ఇరానీ హోటల్లో కోతలు కోసే కుర్రవాడి మాట నమ్మినవాడు బండి సంగతి తెలియనివాడే.

క్యామ్ ఉన్నది బుల్లెట్‌కు.

ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ బండి అది. 1950ల మొదట్లో భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం 350 సీసీ బుల్లెట్లు తెప్పించుకుంది. 1955లో మద్రాసు మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. మొదట విడిభాగాలు ఓడలో తెచ్చి బిగించేవారు, తరువాత తిరువొత్తియూరులో అన్నీ ఇక్కడే తయారుచేయసాగారు. రెడ్డిచ్‌లో తల్లి కంపెనీ మూతపడినా మద్రాసులో బిడ్డ బతికింది. 1994లో ఐషర్ వారి చేతికి వచ్చింది. 2010 దాకా దాదాపు అదే పోత ఇనుప ఇంజను. సుమారు 70 మిల్లీమీటర్ల వెడల్పు, 90 మిల్లీమీటర్ల లోతు ఉన్న ఒకే ఒక సిలిండరు. బలం 18 గుర్రాలు. ఇవాళ్టి కుర్రవాళ్ళ లెక్కలో అది చాలా తక్కువ. కాని దాని నడక చూడండి, ఏనుగు నడకను మత్తేభమని ఛందస్సులో పెట్టుకున్నవాళ్ళం మనం.

నాలుగు అడుగుల ఇంజనును జర్మనీలో ఓటో 1876లో పని చేయించాడు. పీల్చు, నొక్కు, పేలు, వదులు. ఒక పద్యానికి నాలుగు పాదాలన్నట్టు. పీల్చేటప్పుడు ఒక తలుపు తెరుచుకోవాలి, వదిలేటప్పుడు ఇంకొకటి. మధ్యలో రెండూ బిగుసుకుని ఉండాలి. మన పాఠ్యపుస్తకాల్లో వాల్వును కవాటమన్నారు, అంటే తలుపే. పిస్టన్‌ను ముషలకమన్నారు. ముసలమంటే రోకలి కదా. యాదవ కులం నాశనమైంది ముసలం వల్లనే కనుక, వాల్వు పిస్టనుకు తగిలి వంగిపోయినప్పుడల్లా నాకు ఈ పేరు మరీ సార్థకంగా తోస్తుంది.

ఆ తలుపులు ఎప్పుడు తెరవాలో చెప్పేది క్యామ్. గుండ్రంగా ఉండి ఒక పక్క మాత్రం కోడిగుడ్డు కొనలాగా ఉబ్బిన ఉక్కు బిళ్ళ అది. ఇరుసు మీద తిరుగుతూ, ఉబ్బు వచ్చినప్పుడల్లా పైన ఆనుకుని ఉన్న కడ్డీని లేపుతుంది. కడ్డీ వాల్వును తెరుస్తుంది. ఉబ్బు దాటగానే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. క్రాంకు రెండుసార్లు తిరిగితే క్యామ్ ఒకసారి తిరగాలి. తిరిగే కదలికను లేచి పడే కదలికగా మార్చడమే దాని విద్య. ఈ విద్య ఓటోది కాదు, ఇంగ్లండుది అసలు కాదు. అల్ జజరీ అనే యంత్రకారుడు 1206లో దియార్‌బకర్ సుల్తానుల కొలువులో రాసిన యంత్రాల గ్రంథంలో క్యాములున్న ఇరుసును వర్ణించాడు. చైనాలో అంతకంటే చాలా ముందే నీటి చక్రం ఇరుసుకు మేకులు దిగ్గొట్టి వాటితో దంపుడు రోకళ్ళు ఎత్తించారు. మన ఇళ్ళలో తిరుగలి ఉంది, రోకలి ఉంది. తిరుగలి తిరుగుతుంది, రోకలి లేచి పడుతుంది. ఆ రెండింటికీ పెళ్ళి చేస్తే పుట్టిన బిడ్డ క్యామ్. మన పల్లెల్లో ఆ పెళ్ళి ఎవరూ తలపెట్టలేదంటే దంచడానికి ఆడవాళ్ళ చేతులు చవకగా దొరకడమే కారణమై ఉంటుంది. ఈ మాట మా ఇంట్లో అంటే నా కంటే ముందు మా ఆవిడే ఒప్పుకుంటుంది.

ఇక ‘పెర్ఫార్మెన్సు క్యామ్’ అన్నది ఏమిటి? ఉబ్బు మరికొంచెం ఎత్తుగా, మరికొంచెం వెడల్పుగా సానబట్టిన బిళ్ళ. వాల్వు ఎక్కువ ఎత్తు లేస్తుంది, ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు గాలికి లోపలికి రావడానికి వ్యవధి చాలదు. తలుపు ముందుగా తెరిచి ఆలస్యంగా మూస్తే మరింత గాలి, మరింత పెట్రోలు, మరింత బలం. పొగ పోయే తలుపు పూర్తిగా మూసుకోకముందే గాలి వచ్చే తలుపు తెరుచుకునే క్షణం ఒకటి ఉంటుంది. నాకది సంధికార్యంలాగా కనిపిస్తుంది, పూర్వస్వరం పోకముందే పరస్వరం వచ్చి కూర్చోవడం. పెర్ఫార్మెన్సు క్యామ్‌లో ఈ సంధి సుదీర్ఘం. వేగంలో అది లాభం. నెమ్మది నడకలో నష్టం. వచ్చిన గాలి వెనక్కి పోతుంది, నొక్కుడు బలం తగ్గుతుంది, బండి నిలబెట్టి ఉంచినప్పుడు గుండె లయ తప్పినట్టు కొట్టుకుంటుంది.

రెండో ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలో కాలిఫోర్నియా కుర్రవాళ్ళ పాత కార్లకు ఇలాంటి క్యాములు సానబట్టి ఎడ్ ఇస్కెండేరియన్ పేరు పొందాడు. న్యూజిలాండులో బర్ట్ మన్రో 1920 నాటి తన ‘ఇండియన్’ మోటారు సైకిలుకు పిస్టన్లు తానే పోత పోసుకుని, క్యాములూ వాల్వులూ ఇంటి కొట్టంలోనే మార్చి మార్చి, 1967లో అమెరికాలోని బొన్‌విల్ ఉప్పు మైదానంలో గంటకు 184 మైళ్ళ రికార్డు సాధించాడు. అప్పటికాయనకు 68 ఏళ్ళు. నా ఈడువాళ్ళు గమనింతురు గాక. 2005లో ఆయన మీద సినిమా వస్తే, పేరులో ‘ఇండియన్’ చూసి మనవాడెవరో అనుకుని వెళ్ళిన మిత్రుడొకడు నాకున్నాడు. ఇండియన్ అన్నది అమెరికా కంపెనీ పేరు. మనకు దగ్గరలో ఈ విద్యకు పాఠశాల మద్రాసు పక్కన షోలవరం. యుద్ధకాలపు విమానాల దారి మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారు 1950ల నుంచి పందేలు నడిపారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర వేరే ట్రాక్ వచ్చేదాకా దక్షిణాది కుర్రవాళ్ళకు అదే కురుక్షేత్రం. అక్కడ నేర్చినవి నోటి మాటగా బెంగళూరుకూ హైదరాబాదుకూ చేరేవి.

అలా చేరిన విద్య ఉన్న మనిషి మా వీధి చివర ఉండేవాడు. అందరికీ ఆయన ఉస్తాద్. పారసీలో గురువని అర్థం. కోస్తాలో ఇదే పనివాణ్ణి మేస్త్రి అంటారు, అది పోర్చుగీసు మాట. గురువు పారసీ, మేస్త్రి పోర్చుగీసు, పనిముట్టు ఇంగ్లీషు, తిట్టు మాత్రం అచ్చ తెలుగు. ఉస్తాద్ తండ్రి ఆల్విన్‌లో టర్నరట. తాను చదువుకున్నది నాలుగో తరగతి. బుల్లెట్ కిక్కు కొట్టిన చప్పుడు విని ‘ట్యాపెట్ టైటుంది సాబ్’ అని రోడ్డు అవతలి నుంచి చెప్పేవాడు. స్పానరును పానా అనేవాడు, స్క్రూడ్రైవరును పేచ్‌కస్ అనేవాడు. వాల్వులు తెరిచే వేళలు కుదర్చడాన్ని ‘టైమింగ్ కట్టడం’ అనేవాడు. పద్యం కట్టడం, ఇల్లు కట్టడం, తాళి కట్టడం వంటి క్రియ. ఇంత మంచి ప్రయోగం ఏ నిఘంటువులో ఉంది?

2009 వేసవిలో మా అపార్టుమెంటు సెల్లారులో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రవాడు తన తండ్రి నడిపిన పోత ఇనుప బుల్లెట్‌కు పెర్ఫార్మెన్సు క్యాములు వేయదలచాడు. ఇంగ్లండు నుంచి పొట్లం వచ్చింది. నూనె కాగితంలో రెండు మెరిసే బిళ్ళలు, పళ్ళచక్రంతో సహా. బుల్లెట్‌లో పొడుగాటి క్యామ్ షాఫ్టు ఉండదు. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, రెండు వేరు వేరు చక్రాలు ఇంజను కుడి పక్క మూతలో చిన్న ఇరుసుల మీద కూర్చుంటాయి. అందుకే ఇంటి దగ్గర మార్చగలిగిన పని. కుర్రవాడు మాన్యువల్ చూసి చేద్దామన్నాడు. ఉస్తాద్ స్టూలు వేసుకుని పక్కన కూర్చుంటానన్నాడు. మాన్యువల్ చదివి తెలుగులో చెప్పే బాధ్యత నాకు దక్కింది. ముప్పై ఏళ్ళ బోధనలో నాకు అంత శ్రద్ధగా విన్న విద్యార్థులు తగల్లేదు.

పని వివరం చెప్పడం అవసరం, ఎందుకంటే చరిత్ర అంతా అందులోనే ఉంది. మొదట నూనె దించారు. ట్యాంకు తీశారు. ఊరికే క్యామ్ మార్చడానికైతే సిలిండరు తల విప్పనక్కరలేదు గాని, కొత్త క్యామ్ వాల్వును ఎక్కువ ఎత్తు లేపుతుంది కనుక అది పిస్టనుకు తగులుతుందేమో చూడాలి. మా మనవరాలి రంగు మైనం ముద్ద తెచ్చి పిస్టను తలమీద పరిచారు. కుడి పక్క మూత మరలు ఊడదీస్తే లోపల పళ్ళచక్రాలు, ఒకదానిలో ఒకటి కొరికి పట్టుకుని. క్రాంకు చక్రం మీదా క్యాముల మీదా చుక్కలున్నాయి. ఆ చుక్కలు ఎదురెదురుగా నిలబడేలా పెట్టడమే టైమింగ్ కట్టడం. ఒక్క పన్ను అటూ ఇటూ అయితే యతిభంగం కాదు, ప్రాణభంగం.

పాత బిళ్ళలు తీసి చేతిలో పెట్టాడు ఉస్తాద్. పక్కన కొత్తవి. కంటికి తేడా ఏమీ లేదు. వేలితో తడిమితే ఉంది. ‘సార్, క్యామ్ అంటే బండి తబియత్. ఇది మార్చితే మనిషి మారినట్టే’ అన్నాడు. తబియత్ అంటే ఆరోగ్యమూ, స్వభావమూ కూడా.

కుర్రవాడు కంప్యూటరులో 360 డిగ్రీల చక్రం గీసి, కాగితం మీద అచ్చువేసి, పాత సీడీకి అంటించి క్రాంకు కొనకు బిగించాడు. సైకిలు చువ్వ వంచి ముల్లుగా పెట్టాడు. ఏ డిగ్రీ దగ్గర వాల్వు లేస్తోంది, ఏ డిగ్రీ దగ్గర కూర్చుంటోంది అని నేను కాగితం మీద రాస్తూ పోయాను. క్యామ్‌తో వచ్చిన చీటీలోని అంకెలతో పోల్చాం. ఉస్తాద్ ఈ చక్రం వంక చాలాసేపు చూశాడు. తాను నలభై ఏళ్ళుగా వేలి కొనతో, చెవితో, పెదవి విరుపుతో తెలుసుకున్నది ఆ సీడీ మీద అంకెలుగా కనిపిస్తోంది. ‘ఇది నాకు అప్పుడే ఎవరైనా చూపించి ఉంటే’ అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. బాలానగర్ సంస్థలో ఈ లెక్కలు ఇంగ్లీషులో బోధించేవారు. అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఇదే పని నలభై ఏళ్ళు చేసిన మనిషికి ఆ లెక్క అందకపోవడానికి కారణం తెలివి తక్కువై కాదు, రోడ్డు లేక కాదు. మధ్యలో భాష లేదు. తెలుగులో లేదు, ఉర్దూలోనూ మిగల్లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైనప్పుడు శాస్త్రగ్రంథాల అనువాదానికి ప్రత్యేక శాఖే ఉండేది. ఆ మాధ్యమం పోయింది. మనం తెలుగులో దాన్ని కట్టుకోలేదు.

మైనం తీసి చూస్తే వాల్వు ముద్ర పడింది. చాకుతో కోసి దళసరి కొలిచారు. సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు ఎడం ఉండాలంటారు. అంతకు కాస్త ఎక్కువే ఉంది. వాల్వు పూర్తిగా లేచినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకోవడం లేదని కూడా చూసుకున్నారు. కొత్త గ్యాస్కెట్లు వేసి అన్నీ బిగించారు. సిలిండరు పక్కన చిన్న మూత తీస్తే ట్యాపెట్ మరలు కనిపిస్తాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కడ్డీ రెండు వేళ్ళ మధ్య తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. కొత్త క్యామ్ చీటీలో దీనికి వేరే కొలత ఉంటే అదే పాటించాలి. ఈ ఒక్క పనికి కుర్రవాడు మాన్యువల్ మూసి ఉస్తాద్ చేతికి పానా ఇచ్చాడు. కార్బ్యురేటరు జెట్టు ఒక అంకె పెద్దది వేశారు. మొదటి కిక్కుకు రాలేదు. నాలుగో కిక్కుకు సెల్లారు దద్దరిల్లింది. వాచ్‌మన్ పరుగున వచ్చాడు.

ఫలితం? ముంబయి రహదారి మీద పటాన్‌చెరు దాటాక బండి కొత్త బలం చూపిందట. కాని కుర్రవాడు రోజూ వెళ్ళేది అమీర్‌పేట కూడలి మీదుగా, పంజగుట్ట మీదుగా. అక్కడ బండి నడవదు, పాకుతుంది. పాకేటప్పుడు పెర్ఫార్మెన్సు క్యామ్ దగ్గుతుంది, ఆగుతుంది, మళ్ళీ కిక్కు కొట్టమంటుంది. రెడ్డిచ్‌లో మొదట ఆ బిళ్ళల ఉబ్బు గీసిన ఇంజనీరు బరువు లాగే నెమ్మది నడకను ఎంచుకున్నాడు, సరిహద్దు కొండదారికి పనికివచ్చిన ఆ గుణమే పంజగుట్టకూ పనికివచ్చింది. దసరా నాటికి పాత బిళ్ళలు మళ్ళీ లోపలికి వెళ్ళాయి. ఈసారి ఉస్తాద్ సాయం అక్కర్లేకపోయింది. తండ్రి బండి తండ్రి గొంతుతోనే పలకడం బాగుందని కుర్రవాడన్నాడు.

ఈ పని చేయదలచిన ఉత్సాహవంతులకు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో అటువంటి ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. షోలవరం వంటి పందెపు మైదానం వేరు, నెక్లెస్ రోడ్డు వేరు. అర్ధరాత్రి నిమ్స్ ఆసుపత్రి ముందు సైలెన్సరు విప్పి తిరిగేవాళ్ళ పట్ల నాకు సానుభూతి లేదు.

ఇప్పుడు ఆ వీధిలో షెడ్డు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు భాగం పోయింది, మిగిలిన భాగంలో ఫోన్ల దుకాణం వచ్చింది. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక అమీర్‌పేట రెండు దారులు కలిసే పెద్ద స్టేషనయింది. ఆల్విన్ ఎప్పుడో పోయింది, దాని రిఫ్రిజిరేటర్ల విభాగం 1990లలో వోల్టాస్ వారికి చేరింది. సత్యం థియేటర్ స్థలంలో 2023లో కొత్త సినిమా సముదాయం వచ్చింది. బుల్లెట్లు మాత్రం మునుపటి కంటే ఎక్కువ కనిపిస్తాయి, కాని 2020 తరువాత వచ్చిన 350లలో క్యామ్ పక్క మూతలోంచి సిలిండరు తలమీదికి ఎక్కింది. ఉస్తాద్ తన కొడుకు దగ్గర ఉంటున్నాడు, చేతులు వణుకుతున్నాయి, చెవి మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశం మొదలుపెట్టి 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు సంపుటాలుగా తెచ్చారు. నాగలికి ఎన్ని భాగాలో, మగ్గానికి ఎన్ని భాగాలో ఊరూరా తిరిగి అడిగి రాయించారు. ఆ నాగళ్ళు ఇప్పుడు లేవు, మాటలు ఉన్నాయి. నేను చూసిన సంపుటాల్లో మోటారు షెడ్డు లేదు. అందుకని రెండేళ్ళుగా ఆదివారాలు ఉస్తాద్ దగ్గర కూర్చుని ఆయన నోటి మాటలు నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. ‘బోరుకు రావడం’, ‘రింగులు పోవడం’, ‘టైమింగ్ కట్టడం’ వంటివి. క్యామ్‌కు నేను ‘ఎత్తుబిళ్ళ’ అని ఒక మాట కట్టి వినిపిస్తే ఆయన చాలాసేపు నవ్వి, ‘క్యామ్ అంటేనే తొందరగా అర్థమైతది సార్’ అన్నాడు. వాడేవాడు ఒప్పుకోని మాట మాట కాదు కనుక క్యామ్ అనే ఉంచాను. ట్యాపెట్‌కూ, కడ్డీకీ, స్ప్రింగు కింది గిన్నెకూ విజయవాడ ఆటోనగర్‌లో, వరంగల్లులో, కర్నూలులో మెకానిక్కులు ఏమంటారో తెలిసిన మిత్రులు చెబితే వాటినీ ఊరి పేరుతో సహా చేర్చుకుంటాను.